బీపీ పగ్గాలు ఎవరి చేతిలో?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో బీపీ మాటే ఎక్కువ. 'ఏ మాత్ర వాడాలి' అని అడిగినవాళ్ల కంటే 'ఎందుకిలా అవుతోంది' అని అడిగినవాళ్లు ఎక్కువున్నారు. అందుకే ఈ సంచికలో చోటంతా దానికే ఇస్తున్నాం. జవాబులు చదివి మీ మందులు మీరే మార్చుకోకండి. ఇందులో ఉన్నవి మీ డాక్టర్‌ని అడగడానికి పనికొచ్చే విషయాలు.

ప్రశ్న: నా వయసు 64. పద్దెనిమిదేళ్లుగా షుగర్ ఉంది. ఆస్పత్రిలో కూర్చోబెట్టి చూస్తే బీపీ 156/88 అంటారు. కానీ తెల్లవారుజామున బాత్రూమ్‌కి లేస్తే కళ్లు బైర్లు కమ్ముతాయి. రెండుసార్లు గోడ పట్టుకుని నిలదొక్కుకున్నాను. బీపీ ఎక్కువున్న మనిషికి బీపీ పడిపోయినట్టు ఎందుకవుతుంది? ప్రోస్టేట్‌కి కూడా రాత్రిపూట ఒక మాత్ర వేసుకుంటాను.
— ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, నరసరావుపేట

ఒకే మనిషికి రెండూ ఉండొచ్చు. షుగర్ పాతబడినవాళ్లలో ఇది తరచూ కనిపించేదే.

పడుకున్న మనిషి లేచి నిలబడగానే అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా రక్తం కాళ్లలోకి, పొట్టలోకి జారిపోతుంది. గుండెకి తిరిగొచ్చే రక్తం ఆ మేరకు తగ్గుతుంది. దీన్ని కనిపెట్టే కాపలాదార్లు రెండుచోట్ల ఉన్నారు. ఒకటి మెడలో, దవడ మూల కింద, మెదడుకి వెళ్లే రక్తనాళం రెండుగా చీలే చోట. రెండోది గుండె నుంచి పైకి వచ్చి వంపు తిరిగే మహాధమనిలో. అక్కడి నాళం గోడలోని నరాల కొసలకి తెలిసేది ఒక్కటే: గోడ ఎంత సాగింది. పీడనం తగ్గితే గోడ తక్కువ సాగుతుంది, మెదడు కాండానికి వెళ్లే సంకేతాలు పలచబడతాయి. వెంటనే అక్కడి నుంచి రెండు ఆజ్ఞలు బయల్దేరతాయి. గుండెని నిదానంగా ఉంచే వేగస్ నరం పట్టు సడలిస్తుంది. సింపథెటిక్ నరాలు గుండె వేగం పెంచి, కాళ్లలో పొట్టలో నాళాలని బిగిస్తాయి. మొదటి ఆజ్ఞ ఒకటి రెండు గుండె చప్పుళ్లలోనే పనిచేస్తుంది. రెండోదానికి కొన్ని సెకన్లు పడుతుంది. మామూలు మనిషికి ఇదంతా జరిగిందన్న సంగతే తెలియదు.

ఏళ్ల తరబడి షుగర్ ఉంటే అరికాళ్ల తిమ్మిర్లు వచ్చినట్టే ఈ నరాలూ దెబ్బతింటాయి. కాపలాదారు కేక వేసినా ఆజ్ఞ చివరిదాకా చేరదు. పైగా మీరు రాత్రిపూట వేసుకునేది టామ్సులోసిన్ లాంటి మాత్ర అయితే, అది ప్రోస్టేట్ కండరాన్ని వదులు చేసే క్రమంలో నాళాల బిగింపుకీ కొంత అడ్డుపడుతుంది. తెల్లవారుజామున లేచే సమయానికి దాని ప్రభావం ఇంకా ఉంటుంది. ఆ మాత్ర పేరు మీ బీపీ డాక్టర్‌కి తెలుసా? చాలాసార్లు తెలియదు. ప్రోస్టేట్‌కి ఒకరు, షుగర్‌కి ఒకరు, బీపీకి ఒకరు రాస్తుంటారు.

ఇంట్లో ఒక పరీక్ష చేసుకోండి. పక్కన ఒక మనిషి ఉండాలి. 5 నిమిషాలు వెల్లకిలా పడుకుని బీపీ, నాడి రాసుకోండి. లేచి నిలబడి 1 నిమిషానికి ఒకసారి, 3 నిమిషాలకి ఒకసారి మళ్లీ రాయండి. పై నంబరు 20 గానీ కింది నంబరు 10 గానీ పడితే నిలబడినప్పుడు బీపీ పడిపోతున్నట్టే. అంత పడినా నాడి 10 కూడా పెరగకపోతే లోపం నరాల్లో ఉందని అనుమానించాలి. నాడి గబగబా పెరిగితే నరాలు బాగానే ఉన్నాయి, ఒంట్లో నీరో రక్తమో తగ్గింది. అయితే గుండె వేగం తగ్గించే మెటోప్రొలోల్ లాంటి మాత్ర వాడేవాళ్లకి ఈ నాడి లెక్క పనికిరాదు.

ఈ పరీక్ష ఎక్కువగా తప్పయ్యేది ఒకచోట. నిలబడి చూసేటప్పుడు చెయ్యి కిందికి వేలాడేస్తారు. చెయ్యి గుండె ఎత్తు కంటే 10 సెంటీమీటర్లు కిందుంటే మెషీన్ 7, 8 పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది. బీపీ నిజంగా పడినా పడనట్టే కనిపిస్తుంది. చేతిని గుండె ఎత్తులో, అలమర అంచు మీదో ఎవరి భుజం మీదో ఆనించి చూడండి.

ఇక చేయాల్సినవి. లేచేటప్పుడు ఒక నిమిషం మంచం అంచున కూర్చుని, పిక్కలు బిగించి వదులుతూ, పాదాలు పైకి కిందికి ఆడించండి. నిలబడ్డాక కళ్లు తిరిగితే కాళ్లు కత్తెరలా వేసి తొడలు గట్టిగా బిగించండి, లేదా వెంటనే కూర్చోండి. రాత్రిపూట మూత్రానికి కూర్చునే వెళ్లండి. మగవాళ్లు పడిపోయేది చాలాసార్లు అక్కడే. లేవడానికి ముందు అర లీటరు నీళ్లు ఒక్కసారిగా తాగితే, ఈ నరాల లోపం ఉన్నవాళ్లకి కొద్ది నిమిషాల్లో బీపీ పెరగడం మొదలై గంట దాకా నిలబడుతుంది. గుండె బలహీనత, కిడ్నీ జబ్బు ఉండి నీళ్లు కొలిచి తాగమన్నవాళ్లు మాత్రం ఇది చేయకూడదు. మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టి 15 నుంచి 20 సెంటీమీటర్లు ఎత్తు చేయండి. రెండు దిండ్లు వేసుకుంటే సరిపోదు, ఒళ్లంతా ఏటవాలుగా ఉండాలి. ఎందుకంటే మీలాంటివారికి పడుకున్నప్పుడు బీపీ పెరుగుతుంది. పెరిగిన పీడనానికి కిడ్నీలు రాత్రంతా ఉప్పునీ నీటినీ మూత్రంలోకి తోసేస్తాయి. తెల్లవారేసరికి ఒంట్లో నీరు తగ్గి, ఆ వేళకే కళ్లు తిరుగుతాయి.

డాక్టర్ దగ్గరికి ఆ మూడు రీడింగుల కాగితం పట్టుకెళ్లండి. కూర్చోబెట్టి చూసిన 156 ఒక్కటే చూసి మోతాదు పెంచితే మీరు పడిపోయే ప్రమాదమూ పెరుగుతుంది.

ప్రశ్న: నరాలు సెకన్లలో బీపీని సరిచేస్తాయని మా అమ్మాయి బయాలజీ పుస్తకంలో ఉంది. మరి అంత చురుకైన ఏర్పాటు ఉండగా మనుషులకి ఇరవై ఏళ్లపాటు బీపీ ఎలా ఎక్కువగా ఉండిపోతుంది?
— గృహిణి, కరీంనగర్

ఈ నెల వచ్చినవాటిలో మాకు బాగా నచ్చిన ప్రశ్న ఇది. మెడలోని ఆ కాపలాదార్లకి తెలిసేది మార్పు మాత్రమే. పీడనం ఏ ఎత్తులో ఉండాలన్నది వాళ్ల చేతిలో లేదు. బీపీ 120 నుంచి 160కి వెళ్లి అక్కడే ఉండిపోతే, ఒకటి రెండు రోజుల్లో వాళ్లు 160నే మామూలుగా లెక్కేసుకుంటారు. ఆ తర్వాత 160ని కాపాడటానికే పనిచేస్తారు. మాత్ర మొదలుపెట్టిన తొలి రోజుల్లో బీపీ మామూలుకి వచ్చినా కొందరికి నీరసంగా, తల తేలికగా అనిపించేది ఇందువల్లే. 'మందు పడలేదు' అని ఆపేస్తారు. కాపలాదార్లు కొత్త నంబరుకి అలవాటు పడేదాకా కొన్నాళ్లు ఓపిక పట్టాలి.

1973లో అమెరికాలోని మిసిసిపీలో అలెన్ కౌలీ, ఆర్థర్ గైటన్ బృందం కుక్కల్లో ఈ నరాలని తెంచి, రాత్రీ పగలూ బీపీని నమోదు చేసింది. నరాలు లేని కుక్కల బీపీ కదిలితే చాలు ఎగిరేది, పడుకుంటే పడేది. గీత రంపపు పళ్లలా ఉంది. కానీ రోజంతటి సగటు తీస్తే నరాలున్న కుక్కలకి దాదాపు సమానమే. అంటే నరాలు కుదుపులు తగ్గిస్తాయి. దీర్ఘకాలపు ఎత్తుని నిర్ణయించడంలో పెద్ద చెయ్యి కిడ్నీదీ, దానికి ఉప్పు సంగతి చెప్పే హార్మోన్లదీ. ఎంత బీపీ ఉంటే నేను తిన్న ఉప్పంతా బయటికి పంపగలను అన్నదే కిడ్నీ లెక్క. 120తో పంపగలిగితే 120. నాళాలు ముడుచుకునో, హార్మోన్లు ఉప్పుని పట్టి ఉంచో అడ్డుపడితే 150 కావాలి. అప్పుడు 150 వచ్చేదాకా ఒంట్లో ఉప్పూ నీరూ నిలుస్తాయి.

ప్రశ్న: నాన్నగారికి ముందు రామిప్రిల్ ఇచ్చారు, పొడి దగ్గు పట్టుకుంది. తర్వాత టెల్మిసార్టన్‌కి మార్చారు, దగ్గు పోయింది. రెండూ ఒకే పని చేస్తాయంటున్నారు. మరి దగ్గు ఒకదానికే ఎందుకు? ఇప్పుడు అదే మాత్రలో మూత్రం మాత్ర కూడా కలిపి ఇచ్చారు, అవసరమా?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

కిడ్నీలోకి రక్తం తెచ్చే సన్నటి నాళాల గోడల్లో రెనిన్ తయారుచేసే కణాలున్నాయి. కిడ్నీకి వచ్చే పీడనం తగ్గినా, వడకట్టిన ద్రవంలో ఉప్పు తగ్గినా, సింపథెటిక్ నరాలు తట్టినా అవి రెనిన్‌ని రక్తంలోకి వదులుతాయి. 1898లో స్టాక్‌హోమ్‌లో రాబర్ట్ టిగర్‌స్టెట్, పెర్ బెర్గ్‌మన్ అనే ఇద్దరు కుందేలు కిడ్నీ రసాన్ని మరో కుందేలుకి ఎక్కిస్తే బీపీ పెరిగింది. ఆ పదార్థానికి రెనిన్ అని పేరు పెట్టింది వాళ్లే.

రెనిన్ తనంతట తాను నాళాలని బిగించదు. లివర్ తయారుచేసే ఒక పెద్ద ప్రొటీన్‌ని కత్తిరించి ఆంజియోటెన్సిన్-1 చేస్తుంది. ఇందులో 10 అమైనో ఆమ్లాలు ఉంటాయి, పెద్దగా పనేమీ చేయదు. ముఖ్యంగా ఊపిరితిత్తుల నాళాల్లో ఉండే ఏసీఈ అనే ఎంజైమ్ దాని చివర రెండు అమైనో ఆమ్లాలు తుంచుతుంది. మిగిలిన 8తో ఆంజియోటెన్సిన్-2 అవుతుంది. అసలు పని దీనిదే. నాళాలని బిగిస్తుంది, దాహం పుట్టిస్తుంది, అడ్రినల్ గ్రంథి చేత ఆల్డోస్టెరాన్ వదిలిస్తుంది. ఆ ఆల్డోస్టెరాన్ కిడ్నీలో ఉప్పుని పట్టి ఉంచి పొటాషియంని బయటికి పంపుతుంది. నరాలది సెకన్ల లెక్క. ఈ వరసలో నాళాలు పూర్తిగా బిగియడానికి ఇరవై నిమిషాలు, ఆల్డోస్టెరాన్ ప్రభావం బయటపడటానికి గంటలు పడుతుంది.

ఇప్పుడు దగ్గు సంగతి. రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటి '-ప్రిల్' మందులు ఏసీఈ కత్తెరని ఆపుతాయి. అయితే ఆ కత్తెరకి ఇంకో పని కూడా ఉంది. నాళాలని వదులు చేసే బ్రాడీకైనిన్ అనే పదార్థాన్ని కత్తిరించి పారేసేదీ అదే. కత్తెర ఆగితే బ్రాడీకైనిన్ పేరుకుంటుంది, శ్వాసనాళాల నరాలని గిలిగింతలు పెడుతుంది. అదే ఆ పొడి దగ్గు. టెల్మిసార్టన్, లోసార్టన్ లాంటి '-సార్టన్' మందులు కత్తెర జోలికి వెళ్లవు. ఆంజియోటెన్సిన్-2 వచ్చి కూర్చునే చోటుని మూసేస్తాయి. బ్రాడీకైనిన్ పేరుకోదు, అందుకే దగ్గూ ఉండదు.

అసలు ఈ మందు దారి దొరికిందే బ్రాడీకైనిన్ వల్ల. బ్రెజిల్‌లో జరరాకా అనే రక్తపింజర జాతి పాము కరిస్తే బాధితుడి బీపీ దిగజారుతుంది. ఆ విషంలో బ్రాడీకైనిన్‌ని కాపాడే పదార్థం ఉందని 1960లలో సెర్జియో ఫెరైరా కనిపెట్టాడు. ఆ పదార్థం ఆపుతున్నది ఏసీఈనే అని తేలాక, దాని నమూనాగా చేసిన కాప్టోప్రిల్‌కి 1981లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇప్పటి '-ప్రిల్' మందులన్నీ దాని తమ్ముళ్లే.

దగ్గుకంటే భయపడాల్సింది ఇంకొకటుంది. '-ప్రిల్' వాడేటప్పుడు పెదాలు, నాలుక వాచితే అదీ బ్రాడీకైనిన్ పనే. ఆ మాత్ర ఇంకొకటి వేసుకోకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

మూత్రం మాత్ర ఎందుకంటారా? అది ఉప్పుని బయటికి పంపుతుంది. ఉప్పు తగ్గగానే కిడ్నీ ఊరుకోదు, రెనిన్ పెంచి బీపీని మళ్లీ పైకి లాగబోతుంది. ఆ దారిని టెల్మిసార్టన్ మూసేస్తుంది. కాబట్టి రెండూ కలిపి తక్కువ మోతాదులో ఇవ్వడం, ఒక్కదాన్నే రెట్టింపు చేయడం కంటే తెలివైన పని. ఇంకా ఒక లాభం: మూత్రం మాత్ర పొటాషియం తగ్గిస్తుంది, టెల్మిసార్టన్ పెంచుతుంది. చాలామందిలో ఒకదాన్నొకటి సర్దుకుంటాయి.

ఈ మందులు మొదలుపెట్టాక, మోతాదు పెంచాక ఒకటి రెండు వారాల్లో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష), పొటాషియం పరీక్ష చేయించాలి. క్రియాటినిన్ కొద్దిగా పెరగడం ఆశించేదే. 30 శాతం దాటి పెరిగితే కిడ్నీ నాళాలు సన్నబడ్డాయేమో చూడాలి. 'బీపీకి మంచిది' అని అమ్మే తక్కువ సోడియం ఉప్పు ప్యాకెట్లలో సోడియంకి బదులు పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. నాన్నగారి కిడ్నీలు బలహీనంగా ఉంటే ఈ మందుతో పాటు ఆ ఉప్పు వాడటం ప్రమాదం. పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది. విరేచనాలు, వాంతులు పట్టుకున్న రోజున డాక్టర్‌కి ఫోన్ చేసి ఈ మాత్ర ఆపాలా అని అడగండి. గర్భిణులు '-ప్రిల్', '-సార్టన్' రెండూ వాడకూడదు.

ప్రశ్న: మా అమ్మకి 58. బీపీ రెండేళ్లుగా ఒక్క మాత్రతో అదుపులో ఉంది. మూడు నెలల నుంచి 170 దాకా వెళ్తోంది, కాళ్లలో సత్తువ లేదంటోంది. పొటాషియం 2.9 వచ్చింది. కొత్తగా వాడేది ఏమీ లేదు, గొంతు గరగరకి రోజూ అతిమధురం పొడి తేనెలో రంగరించి తీసుకుంటుంది, అంతే.
— ఒక పాఠకురాలు, తణుకు

'అంతే' అన్నారు గానీ మాకు కనబడుతున్న మొదటి అనుమానితురాలు ఆ అతిమధురమే. అంతకు ముందు ఒక మాట: 2.9 అంటే తక్కువే, మామూలు 3.5 నుంచి 5. గుండె దడ, కాళ్లు కదపలేనంత నీరసం ఉంటే వారం ఆగకుండా ఇవాళే ఈసీజీ తీయించండి.

ఆల్డోస్టెరాన్ వచ్చి కూర్చునే కుర్చీ కిడ్నీ కణాల్లో ఉంటుంది. చిక్కేమిటంటే, అదే అడ్రినల్ గ్రంథి తయారుచేసే కార్టిసాల్ కూడా ఆ కుర్చీలో అంతే బాగా ఇముడుతుంది, రక్తంలో ఆల్డోస్టెరాన్ కంటే వందల రెట్లు ఎక్కువ ఉంటుంది. అయినా కుర్చీ దానికి దొరకదు, ఎందుకంటే ఆ కణాల గుమ్మంలో ఒక ఎంజైమ్ కాపలా ఉండి, వచ్చిన కార్టిసాల్‌ని వచ్చినట్టే కార్టిసోన్‌గా మార్చి పనికిరాకుండా చేస్తుంది. అతిమధురంలోని తీపి పదార్థం గ్లిసరైజిన్. అది ఆ కాపలాని నిద్రపుచ్చుతుంది. కార్టిసాల్ వెళ్లి కుర్చీలో కూర్చుంటుంది. ఉప్పు నిలుస్తుంది, పొటాషియం పోతుంది, బీపీ పెరుగుతుంది. ఆల్డోస్టెరాన్ విజృంభించినట్టే ఉంటుంది, కానీ పరీక్ష చేస్తే ఆల్డోస్టెరాన్, రెనిన్ రెండూ అడుగంటి ఉంటాయి. ఈ జబ్బు గుర్తే అది.

ఎంత తింటే ఎక్కువ? రోజుకి 100 మిల్లీగ్రాముల గ్లిసరైజిన్ దాటొద్దని ఐరోపా ఆహార నిపుణుల సలహా. వేరులో గ్లిసరైజిన్ ఎంతుంటుందన్నది సరుకుని బట్టి మారుతుంది. 5 శాతం అనుకున్నా ఒక చెంచా, అంటే 3 గ్రాముల పొడిలో 150 మిల్లీగ్రాములు. జలుబు చేసినప్పుడు నాలుగు రోజులు నాలుక మీద వేసుకోవడం వేరు, నెలల తరబడి రోజూ తీసుకోవడం వేరు. దగ్గు కషాయాలు, చప్పరించే బిళ్లల లేబుల్ మీద యష్టిమధు అని ఉంటే అదీ ఇదే.

పొడి ఆపేయండి. అమ్మగారు వాడే మాత్రలో మూత్రం మందు ఉందేమో చూడండి, అదీ పొటాషియం తగ్గిస్తుంది. ఆపాక వారం పది రోజుల్లో పొటాషియం పైకి రావడం కనబడుతుంది, బీపీ దిగడానికి ఇంకొన్ని వారాలు పట్టొచ్చు. రాకపోతే అడ్రినల్ గ్రంథి తనంతట తానే ఆల్డోస్టెరాన్ అతిగా వదులుతోందేమో చూడాలి. 1950లలో మిషిగన్‌లో జెరోమ్ కాన్ వర్ణించిన జబ్బు ఇది. చాలాకాలం అరుదనుకున్నారు, వెతకడం మొదలుపెట్టాక అంత అరుదు కాదని తెలిసింది. పైగా ఎక్కువమందిలో పొటాషియం మామూలుగానే ఉంటుంది. మూత్రం మందుతో సహా మూడు రకాలు వాడినా 140/90 కంటే దిగనివాళ్లు, నలభై లోపే బీపీ వచ్చినవాళ్లు ఆల్డోస్టెరాన్-రెనిన్ నిష్పత్తి పరీక్ష గురించి అడగాలి. రక్తం తీసే ముందే పొటాషియం సరిచేయాలి, లేకపోతే ఆల్డోస్టెరాన్ అబద్ధంగా తక్కువ వస్తుంది. ఆల్డోస్టెరాన్‌ని అడ్డుకునే స్పైరోనోలాక్టోన్ మాత్ర వాడుతుంటే డాక్టర్ పర్యవేక్షణలో నాలుగు వారాల ముందు ఆపించి తీస్తారు.

ప్రశ్న: ఆస్పత్రిలో 158, ఇంట్లో 128. ఏది నిజం?
— ఆటో డ్రైవర్, విజయవాడ

రెండూ నిజమే. తెల్లకోటు చూడగానే సింపథెటిక్ నరాలు బిగిశాయి, ఆ నిమిషానికి మీ బీపీ 158. కానీ మందు మొదలుపెట్టాలా వద్దా అనేది రోజూ ఉండే బీపీని బట్టి తేల్చాలి.

వారం రోజులు పొద్దున, సాయంత్రం రెండేసి సార్లు, మధ్యలో ఒక నిమిషం ఆగి చూడండి. మొదటి రోజువి కొట్టేసి మిగతావాటి సగటు తీయండి. 135/85 గానీ ఆ పైన గానీ వస్తే బీపీ ఉన్నట్టే. ఆస్పత్రిలో గీత 140/90, ఇంట్లో అంతకంటే తక్కువ, ఇది చాలామందికి తెలియదు. మూత్రానికి వెళ్లొచ్చి, టీ, సిగరెట్ అయి అరగంట గడిచాక, వీపు ఆనించి, పాదాలు నేలకి ఆనించి, 5 నిమిషాలు మాట్లాడకుండా కూర్చుని చూడాలి. మెషీన్‌తో వచ్చే మామూలు పట్టీ 22 నుంచి 32 సెంటీమీటర్ల చుట్టుకొలత చేతికి సరిపోతుంది. మీ చెయ్యి అంతకంటే లావైతే పెద్ద పట్టీ కొనండి, చిన్న పట్టీ లేని బీపీ చూపిస్తుంది. మణికట్టు మెషీన్ల మీద మాకు నమ్మకం తక్కువ.

ప్రశ్న: కోపం వస్తే బీపీ పెరిగి శాశ్వతంగా ఉండిపోతుందా? మా ఆయనకి కోపం ఎక్కువ, గురక ఇంకా ఎక్కువ.
— ఒక పాఠకురాలు, నిజామాబాద్

కోపం సంగతి తర్వాత, ముందు గురక చూపించండి.

కోపంలో అడ్రినల్ గ్రంథి లోపలి భాగం వదిలే అడ్రినలిన్ రక్తంలో రెండు మూడు నిమిషాలకే సగానికి తగ్గిపోతుంది. అరిచి కూర్చున్న మనిషి బీపీ కాసేపట్లో దిగుతుంది. గురకలో ఊపిరి ఆగి ఆగి వస్తుంటే మాత్రం కథ వేరు. ఆగిన ప్రతిసారీ రక్తంలో ఆక్సిజన్ పడుతుంది, సింపథెటిక్ నరాలు ఉలిక్కిపడి నాళాలని బిగిస్తాయి. రాత్రికి కొన్ని వందల సార్లు జరిగేవాళ్లున్నారు. మామూలుగా నిద్రలో బీపీ 10 నుంచి 20 శాతం దిగాలి. వీళ్లకి దిగదు. క్రమంగా పగలు కూడా ఆ బిగింపు మిగిలిపోతుంది. గురక మధ్యలో నిశ్శబ్దం, తర్వాత గుటకలా పెద్ద శ్వాస, పగలు కూర్చున్నచోట కునుకు ఉంటే నిద్ర పరీక్ష చేయించాలి.

చాలా అరుదుగా, తలనొప్పి, ఒళ్లంతా చెమట, గుండె దడ మూడూ కలిసి తెరలు తెరలుగా వస్తూ అప్పుడే బీపీ ఎగిరితే, అడ్రినల్‌లో గడ్డ ఉందేమో 24 గంటల మూత్రంలో మెటానెఫ్రిన్లు (అడ్రినలిన్ లాంటివి మారి ఏర్పడే పదార్థాలు) చూస్తారు. ఆ అనుమానం ఉన్నప్పుడు దడ తగ్గడానికని ప్రొప్రనలోల్ మొదట ఇవ్వకూడదు. నాళాలని వదులు చేసే దారి మూసుకుపోయి బిగించే దారి మాత్రమే మిగులుతుంది, బీపీ ఇంకా పెరుగుతుంది. ముందు నాళాల బిగింపు ఆపే మందు, తర్వాతే అది.

ప్రశ్న: సర్పగంధ వేరుతో బీపీ తగ్గుతుందని మా ఊళ్లో ఒకరు ఇస్తున్నారు. వాడొచ్చా?
— రైతు, ఖమ్మం జిల్లా

తగ్గుతుంది, అబద్ధం కాదు. 1931లోనే కలకత్తా వైద్యులు రాశారు. 1949లో బొంబాయి డాక్టర్ రుస్తుం జాల్ వకీల్ తన రోగుల ఫలితాలని బ్రిటిష్ పత్రికలో ప్రచురించాక ప్రపంచమంతా వాడింది. 1952లో స్విట్జర్లాండ్‌లో అందులోంచి రిసర్పిన్ వేరుచేశారు. సింపథెటిక్ నరాల కొసల్లో, నాళాలని బిగించే నారడ్రినలిన్‌ని దాచుకునే సంచులుంటాయి. రిసర్పిన్ వాటిని నింపనివ్వదు, ఖాళీ నరం నాళాన్ని బిగించలేదు. కానీ మెదడులోనూ అవే సంచులు ఖాళీ అవుతాయి. దిగులు, ముక్కు దిబ్బడ, నాడి నెమ్మదించడం, కడుపులో పుండ్లు ఇలా వచ్చేవే. వేరు ముక్కలో మందు ఎంతుందో ఇచ్చేవాళ్లకీ తెలియదు. మానేసినా ప్రభావం రోజుల తరబడి వదలదు. వద్దు.

ప్రశ్న: సాయంత్రానికి పాదాలు వాస్తాయి, రాత్రి మూడుసార్లు మూత్రానికి లేస్తాను. ఆమ్లోడిపిన్ 10 వాడుతున్నాను. మూత్రం మాత్ర వేసుకోనా?
— పాఠకుడు, శ్రీకాకుళం

తొందరపడకండి. ఆమ్లోడిపిన్ సన్నటి ధమనుల్ని వదులు చేస్తుంది, సిరల్ని అంతగా చేయదు. వచ్చే దారి వెడల్పై, పోయే దారి అలాగే ఉండటంతో నీరు పాదాల్లోకి ఊరుతుంది. ఇది ఒంట్లో నీరు పెరిగిన వాపు కాదు, మూత్రం మాత్రకి పెద్దగా లొంగదు. 5కి తగ్గించడం, లేదా '-ప్రిల్', '-సార్టన్' కలపడం పనిచేస్తుంది. అవి సిరల్ని కూడా వదులు చేస్తాయి.

రాత్రి పడుకోగానే పాదాల నీరు రక్తంలోకి తిరిగొస్తుంది, గుండె పై గదులు సాగుతాయి. సాగిన గుండె ఏఎన్‌పీ అనే హార్మోన్ వదులుతుంది. అది కిడ్నీని ఉప్పూ నీరూ పంపేయమంటుంది. ఎలుకల్లో 1981లో అడోల్ఫో డి బోల్డ్ ఈ సంగతి బయటపెట్టేదాకా గుండెని పంపు అనే అనుకున్నారు, హార్మోన్ గ్రంథి కూడా అని పెద్దగా ఎవరికీ తట్టలేదు. మధ్యాహ్నం, సాయంత్రం ఒక గంట కాళ్లు ఎత్తులో పెట్టుకుంటే ఆ నీరు పగలే బయటికి పోయి రాత్రి లేవడం తగ్గుతుంది. ఆయాసం కూడా ఉంటే, ఒక్క కాలే వాస్తే, ఇది మాత్ర వాపు అనుకుని ఊరుకోవద్దు.

ప్రశ్న: మోకాళ్ల నొప్పికి బిళ్ల వేసుకున్న వారమంతా బీపీ ఎక్కువుంటోంది. యాదృచ్ఛికమా?
— పాఠకురాలు, కర్నూలు

కాదు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి కిడ్నీలో నాళాలని తెరిచి ఉంచే ప్రోస్టాగ్లాండిన్లని ఆపుతాయి. ఉప్పు నిలుస్తుంది, బీపీ మాత్రల్లో చాలావాటి బలం తగ్గుతుంది. ఇలాంటి నొప్పి బిళ్ల, మూత్రం మాత్ర, '-సార్టన్' మూడూ ఒకేసారి పడితే కిడ్నీ దెబ్బతినొచ్చు. పూత మందు, లేదా మోతాదు మించని పారాసిటమాల్ గురించి అడగండి. జలుబు బిళ్లల్లో ఫినైలెఫ్రిన్ ఉందేమో కూడా చూడండి, అది ముక్కు నాళాలతో పాటు మిగతావాటినీ బిగిస్తుంది.

ప్రశ్న: పెళ్లికి ఊరెళ్లి మూడు రోజులు బీపీ మాత్రలు మర్చిపోయాను. ఏమవుతుంది?
— బ్యాంకు ఉద్యోగి, చెన్నై

ఏ మాత్ర అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆమ్లోడిపిన్ రక్తంలో సగానికి తగ్గడానికే 30 నుంచి 50 గంటలు పడుతుంది. మూడు రోజులకి బీపీ మెల్లగా పైకి వస్తుంది, అంతే. మెటోప్రొలోల్, ఎటినోలోల్ లాంటివి హఠాత్తుగా ఆపితే, ఇన్నాళ్లూ మూసిపెట్టిన గుండెలోని గ్రాహకాలు ఒక్కసారిగా తెరుచుకుని దడ వస్తుంది. గుండె నాళాల జబ్బు ఉన్నవాళ్లకి నొప్పి కూడా రావొచ్చు. అన్నిటికంటే చెడ్డది క్లోనిడిన్. కిడ్నీ రోగులకి ఎక్కువగా రాస్తారు. అది మెదడు కాండం దగ్గరే సింపథెటిక్ ఆజ్ఞలని తగ్గిస్తుంది. ఆపిన ఒకటి నుంచి మూడు రోజుల్లో ఆ ఆజ్ఞలు వరదలా వస్తాయి, బీపీ మొదట ఉన్నదానికంటే పైకి ఎగురుతుంది. క్లోనిడిన్, మెటోప్రొలోల్ రెండూ వాడేవాళ్లకి మానేయాల్సి వస్తే డాక్టర్లు ముందు మెటోప్రొలోల్‌ని, తర్వాత క్లోనిడిన్‌ని మెల్లగా తగ్గిస్తారు.

రోజుకొకసారి వేసుకునే మాత్ర అదే రోజు గుర్తొస్తే అప్పుడే వేసుకోండి. మర్నాడు గుర్తొస్తే ఆ రోజుది ఒక్కటే, రెండు కలిపి వద్దు. క్లోనిడిన్ గానీ మెటోప్రొలోల్ గానీ మూడు రోజులు తప్పి ఉంటే మొదలుపెట్టే ముందు బీపీ, నాడి చూసుకుని డాక్టర్‌కి ఫోన్ చేయండి. ఊరెళ్లే సంచిలో నాలుగు మాత్రల స్ట్రిప్ ఒకటి ఎప్పుడూ పడి ఉండనివ్వండి.